హుద్‌హుద్‌ల వీరాభిమాని

మే నెలలో అబుదాబి ఎండకు తారురోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంది. అలాంటి రోజుల్లో మఫ్రఖ్ లేబర్ క్యాంపు నుంచి ఉన్ని టోపీ, రెండు స్వెట్టర్లు, దళసరి మేజోళ్ళు సంచిలో సర్దుకుని డ్యూటీకి బయల్దేరే మనిషి ఒకే ఒక్కడు ఉండేవాడు. పేరు అమీర్ జాన్, ఊరు నెల్లూరు జిల్లా కావలి, వయసు యాభై ఒకటి. క్యాంపులో మిగతావాళ్ళంతా సాయంత్రానికి ఎండకు మాడి నల్లబడి తిరిగొచ్చేవారు. అమీర్ జాన్ మాత్రం తుమ్ముతూ వచ్చేవాడు.

"లోకమంతా దుబాయ్ పోయి బంగారం తెస్తే నువ్వు జలుబు తెచ్చుకుంటుండావు" అని అతని భార్య షహర్బాను ఫోన్లో అనేది. ఆవిడకు అబుదాబి అన్నా, షార్జా అన్నా, అన్నీ దుబాయే.

అమీర్ జాన్ పనిచేసేది ఒక ఐస్ హాల్లో. బయట నలభై నాలుగు డిగ్రీలు కాస్తుంటే, లోపల కబడ్డీ కోర్టుకు పదింతలకు పైగా ఉన్న నేలంతా మంచుగడ్డ కట్టించి, దానిమీద జారుకుంటూ ఆడేవాళ్ళ కోసం కట్టిన హాలు అది. చలిదేశాల్లో పుట్టి, ఆ చలి భరించలేక ఎడారి దేశంలో ఉద్యోగం వెతుక్కుని వచ్చినవాళ్ళు, వచ్చిన మొదటి వారమే ఈ హాలు ఎక్కడుందో కనుక్కుని, డబ్బు కట్టి మరీ వణికేవారు. వాళ్ళ బూట్ల కింద కత్తుల్లాంటి ఇనుప పట్టీలుంటాయి. ఆ పట్టీలకు సాన పట్టడం అమీర్ జాన్ పని.

సాన పట్టడం అతనికి కొత్త కాదు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు షార్జాలో, సజ్జా పారిశ్రామికవాడలో, రేకులు కత్తిరించే ఫ్యాక్టరీలో యంత్రాల కత్తులకు సాన పట్టాడు. 2020లో కరోనా వచ్చి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఏడు నెలలు గదిలో కూర్చున్నాక ఎవరో చెబితే ఈ హాలుకు వచ్చాడు.

"మంచుమీద నడిచే బూట్లకు సాన పడతావా?" అని ముదీర్, అంటే అక్కడి మేనేజరు, అడిగాడు.

తను సరిగా వినలేదేమో అనుకుని అమీర్ జాన్ మళ్ళీ అడిగించుకున్నాడు. రెండోసారీ అదే వినిపించింది. పడతానన్నాడు.

ఐస్ హాకీ అనే ఆటను మొదటిసారి గాజుగోడ వెనక నుంచి చూసినప్పుడు, పోలీసులకు ఫోన్ చేయాలేమో అనుకున్నాడు. పన్నెండు మంది పెద్దమనుషులు, వాళ్ళలో ఒకరు డాక్టరు, ఇద్దరు బ్యాంకు మేనేజర్లు, చేతుల్లో కర్రలతో ఒకర్నొకరు గోడకేసి గుద్దుకుంటున్నారు. వాళ్ళు అంత కష్టపడేది పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ కోసమని, అది పెద్ద అరిసెకన్నా పెద్దది కాదని తర్వాత తెలిసింది. మూడో వారానికల్లా అతనూ గాజుగోడను పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టాడు.

అభిమానించడానికి అక్కడ ఆడే లీగులో అయిదు టీములుండగా అమీర్ జాన్ హుద్‌హుద్‌లను ఎంచుకున్నాడు. అరబ్బీలో హుద్‌హుద్ అంటే తలమీద తురాయి ఉన్న ఒక పిట్ట. అమీర్ జాన్‌కు మాత్రం అది వైజాగ్‌ను నేలమట్టం చేసిన తుఫాను పేరు. అంత పేరు పెట్టుకున్నవాళ్ళు ఊరికే ఉండరని నమ్మాడు. నమ్మకం తప్పు కాదు, వాళ్ళు ఊరికే ఉండలేదు. ప్రతి ఏడూ చెమటోడ్చి ఆడి, ప్రతి ఏడూ అయిదో స్థానంలో వచ్చారు.

2023లో వాళ్ళ దశ తిరిగింది. ఒక టీములో సగం మందికి ఖతర్‌లో ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. ఆ టీము ఖలాస్ అయింది. అలా హుద్‌హుద్‌లు నాలుగో స్థానం సాధించి, చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్‌లో అడుగుపెట్టారు. సెమీఫైనల్లో వాళ్ళకు ఎదురైనది మొదటి స్థానంలో ఉన్న హమ్మూర్స్. గల్ఫ్‌లో అందరూ లొట్టలేసుకుని తినే చేప పేరు పెట్టుకున్న దుబాయ్ టీము. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు ఫైనల్‌కు వెళ్తారు. మొదటిది, ఎలా జరిగిందో ఎవరికీ తెలియదు గానీ, హుద్‌హుద్‌లు గెలిచారు. రెండోది ఎలా ఓడిపోయారో అందరికీ తెలుసు. మూడోది శనివారం మధ్యాహ్నం మూడింటికి.

ఆ శనివారం కోసం అమీర్ జాన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫైజాను వారం రోజులు బతిమాలి సెలవు తీసుకున్నాడు. వెంట తన గదిలో ఉండే సోహైల్‌ను రమ్మన్నాడు. సోహైల్ కడపవాడు, ఏసీ మెకానిక్కు.

"వారమంతా ఏసీల ముందర సస్తాండా అన్నా. సెలవునాడు గూడా సల్లగుండే తావుకే రమ్మంటావా?" అని సోహైల్ నిలదీశాడు.

"ఒకసారి చూడబ్బా. నచ్చకపోతే మళ్ళీ అడగను" అన్నాడు అమీర్ జాన్.

పన్నెండింటికి ఇద్దరూ హాలుకు చేరారు. ఫైజా గుమ్మంలోనే ఎదురైంది. హైదరాబాద్ పిల్ల, ముప్ఫై దాటాయి. అమీర్ జాన్‌ను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"అమీర్ భాయ్! అల్లా పంపిండు మిమ్మల్ని. పొద్దుగాలటి మనిషికి బుఖార్ వచ్చింది. జర మెషీన్ దగ్గర కూసోండి."

"మేడమ్, నాకు ఈ రోజు సెలవు."

"అందుకే కదా అడుగుతున్న. ఛుట్టీల ఉన్నరు, ఖాళీగున్నరు. యల్లా, యల్లా."

అమీర్ జాన్ సెలవు పెట్టుకున్న రోజున స్వెట్టరు తొడుక్కుని, రోజూ కూర్చునే స్టూలు మీదే కూర్చున్నాడు. పక్కన పాత బూట్ల పెట్టె మీద సోహైల్‌ను కూర్చోబెట్టాడు. ఉదయం నుంచి చిన్నపిల్లల ప్లేఆఫ్ ఆటలు జరుగుతున్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లలు ఓడిపోయి నవ్వుకుంటూ బయటికొస్తుంటే, వెనక వాళ్ళ తండ్రులు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. ఒక తండ్రి తన కొడుకు ఓటమికి సానే కారణమని అమీర్ జాన్‌కు ఇంగ్లీషులో పావుగంట వివరించి చెప్పాడు. అమీర్ జాన్ ఓపిగ్గా తలూపాడు. ఆ పిల్లవాడి బూట్లకు సాన పట్టింది జ్వరమొచ్చిన మనిషి.

రెండింటికి హమద్ వచ్చాడు. హుద్‌హుద్‌ల గోల్‌కీపర్. అబుదాబివాడే, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, నలభై దగ్గర పడింది. భారీ మనిషి. గోలు ముందు నిలబడితే సగం గోలు దానంతటదే మూసుకుపోయేది. అభిమానుల బెంగంతా మిగతా సగం గురించే. అతనూ అమీర్ జానూ మాట్లాడుకునేది హిందీలో. ఇద్దరిదీ తప్పుల హిందీయే కాబట్టి బాగా అర్థమయ్యేది.

"డాక్టర్, నా కాళ్ళు నీ చేతుల్లో పెడుతున్నాను" అని హమద్ బూట్లు బల్లమీద పెట్టాడు.

గోల్‌కీపర్ బూట్లకు, పట్టీ అడుగున రెండు అంచుల మధ్య ఉండే గాడి మరీ లోతుగా పడేలా సాన పట్టకూడదు. అతను పక్కకు జరగాలి, జారాలి, అంచు మంచులో దిగబడిపోకూడదు. అమీర్ జాన్ ఆ జతకు ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. చివర గోరుమీద అంచును ఆనించి లాగి చూశాడు. సన్నటి తెల్లపొట్టు లేచింది. హమద్ అతని భుజం తట్టి, నేలను అదరగొడుతూ వెళ్ళిపోయాడు.

మూడు కావడానికి పది నిమిషాలుంది. ఆటగాళ్ళు మంచుమీద ఒళ్ళు వేడి చేసుకుంటున్నారు. అమీర్ జాన్ యంత్రం ఆపి, చేతులు తుడుచుకుని లేచాడు. అప్పుడే ఒక పొడుగాటి మనిషి ఒంటికాలిమీద కుంటుకుంటూ, రెండో బూటు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎర్ర చొక్కా, వెనక పంతొమ్మిది నంబరు.

ఆంద్రే అతని పేరు. బెలారస్ దేశంవాడు. దుబాయ్‌లో ఒక స్కూల్లో వ్యాయామం మాస్టారు. హమ్మూర్స్ టీముకు ఆ ఏడు సగం గోల్స్ కొట్టింది అతనే, రెండో సెమీఫైనల్లో హమద్ మీద మూడు కొట్టింది కూడా అతనే. అమీర్ జాన్ అతని పేరు ఎత్తేవాడు కాదు. గదిలో చెప్పాల్సి వస్తే "ఆ పంతొమ్మిది గాడు" అనేవాడు.

"ప్లీజ్, అమీర్. గోలు స్తంభానికి తగిలి అంచు లేచిపోయింది. ఎనిమిది నిమిషాలే ఉన్నాయి."

అమీర్ జాన్ బూటు తిప్పి చూశాడు. లోపలి అంచున గోరంత మేర ఇనుము చిట్లింది. దానితో ఎడమవైపు తిరిగితే మనిషి పడిపోతాడు. ఆంద్రే మరో కాలి బూటుకు నాడా బిగించుకుంటూ గోడ దగ్గర కూలబడ్డాడు.

సోహైల్ మెల్లగా అమీర్ జాన్ చెవి దగ్గరికి వంగాడు. ఆట గురించి ఓనమాలు తెలియకపోయినా పరిస్థితి వెంటనే అర్థమైంది.

"అన్నా, శత్రువు కాలు నీ చేతికొచ్చినాది. ఒక పక్క రవ్వంత ఎచ్చు పెట్టు, ఒక పక్క తక్కువ పెట్టు. ఎవునికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది."

"నువ్వెవరికి చెప్తావు?"

ఇది మంచి ప్రశ్నే. అమీర్ జాన్ యంత్రం మీద బూటు బిగించాడు. చక్రం తిరిగింది, నిప్పురవ్వలు లేచాయి. వెంట్రుకలో సగం తేడా చాలు. కంటికి కనిపించదు, వేలికి తగలదు. అంచులు ఎగుడుదిగుడైతే మనిషి వేగంగా తిరిగిన ప్రతిసారీ కాలు కొంచెం కొంచెం జారుతుంది. తన ఆట ఇవాళ బాగోలేదు అనుకుంటాడే తప్ప సానను అనుమానించడు. హుద్‌హుద్‌లు ఫైనల్‌కు పోతారు. మూడేళ్ళ నుంచి అమీర్ జాన్ నమాజు తర్వాత అడుగుతున్నవాటిలో ఇదీ ఒకటి. అడగాల్సిన వేరే విషయాలు లేక కాదు.

కానీ అతనికి సజ్జా ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. అక్కడ ఒక రోజు అతని పక్క యంత్రం మీద ఒడిశా మనిషి ఒకడు రేకు కోస్తున్నాడు. తొందరలో ఎవరో అంచులు సరిచూడకుండా బిగించిన కత్తి ఎగిరింది. ఆ మనిషి రెండు వేళ్ళు రేకుల మధ్య దొరికాయి. ఆ కత్తికి సాన పట్టింది అమీర్ జాన్ కాదు. అయినా అప్పటినుంచి ప్రతి అంచునూ గోరుమీద లాగి చూడనిదే అతనికి కుదరదు. ఈ పంతొమ్మిది గాడు మంచుమీద దూసుకెళ్ళే వేగం మోటారు సైకిలు వేగం. ఆ వేగంలో కాలు జారితే గోడకు తల తగులుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సరిగా పట్టడం అతనికి నిద్రలో కూడా వచ్చు. వంకరగా పట్టాలంటే ఆలోచించి పట్టాలి. అంత టైము లేదు.

చిట్లిన ముక్క పోయేదాకా అరగదీసి, నాలుగుసార్లు నెమ్మదిగా లాగి, చిన్న రాయితో అంచు నునుపు చేశాడు. గోరుమీద చూశాడు. పొట్టు లేచింది. అదృష్టమో, దురదృష్టమో, ఆ రోజు అతను పట్టిన సానల్లో అన్నిటికన్నా బాగా కుదిరింది అదే.

"యల్లా, పో" అన్నాడు.

ఆంద్రే బూటు తొడుక్కుని పరుగెత్తాడు. సోహైల్ నుదురు కొట్టుకున్నాడు.

హాల్లో నూట అరవై మంది దాకా ఉన్నారు. రెండు టీముల అభిమానులూ వాళ్ళే, ఆటగాళ్ళ భార్యలూ వాళ్ళే. ఒక మూల ఇద్దరు ఫిన్లాండ్‌వాళ్ళు హుద్‌హుద్‌ల కోసం డప్పు కొడుతున్నారు. ఫైజా జాలిపడి అమీర్ జాన్‌ను గాజుగోడ దగ్గరికి వదిలింది.

ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మొదటి భాగంలో హమ్మూర్స్ ఒక గోలు కొట్టారు. రెండో భాగంలో హుద్‌హుద్‌లు రెండు కొట్టారు. మొదటిది తమ ఆటగాడి వీపుకు తగిలి లోపలికి పోయింది. వీపును ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేదు. అప్పటిదాకా పక్ ఎటు పోతోందో కనుక్కోలేక అవస్థపడిన సోహైల్, రెండో గోలు పడేసరికి బెంచీ ఎక్కి నిలబడ్డాడు. గంట క్రితం దాకా ఈ ఆట ఎప్పుడూ చూడని మనిషి రిఫరీకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు.

"రేయ్ చారల అంగీ! కండ్లు లేవా నీకు? నూకినాడు కదరా!"

"అది తప్పు కాదు, నూకొచ్చు" అని అమీర్ జాన్ సర్దిచెప్పాడు.

"నూకొచ్చా? ఐతే మనోళ్ళెందుకు నూకడం లేదు?"

ఈ ప్రశ్న అమీర్ జాన్ మూడేళ్ళుగా అడుగుతున్నదే.

మూడో భాగంలో హమద్ మనిషిలా ఆడలేదు. పడ్డాడు, లేచాడు, కాలితో ఆపాడు, మోకాలితో ఆపాడు, ఒకసారి ముఖానికున్న జాలీతో ఆపాడు. అమీర్ జాన్ అరిచిన అరుపులకు గాజు మీద ఆవిరి పట్టింది. తుడుచుకుని మళ్ళీ అరిచాడు. ఇంకొక్క నిమిషం ఉందనగా ఆంద్రే ఎడమవైపు కోసుకుంటూ తిరిగాడు. మంచుపొడి లేచింది. కాలు ఇసుమంత కూడా జారలేదు. గోలు. రెండు, రెండు.

ఆ మలుపును అమీర్ జాన్ చెవులతో విన్నాడు. పదునైన అంచు మంచును కోసేటప్పుడు పట్టుబట్ట చించినట్టు ఒక చప్పుడవుతుంది. ఇంకెవరి బూట్లైనా అయ్యుంటే ఎంత బాగా కోసిందని మురిసిపోయేవాడు.

అదనపు సమయంలో ఎవరు ముందు గోలు కొడితే వాళ్ళదే ఆట. నాలుగో నిమిషంలో ఆంద్రే మళ్ళీ అలాగే ఎడమవైపు తిరిగాడు. హమద్ గోలు వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. అతని వెనక ఎడమ స్తంభం పక్కన ఒక సూట్‌కేసు పట్టేంత ఖాళీ ఏర్పడింది. పక్ అందులోంచి పోయింది.

ఫిన్లాండ్‌వాళ్ళ డప్పు ఆగింది. సోహైల్ బెంచీ దిగి, అమీర్ జాన్ వైపు చూశాడు.

అంతటితో ఐపోయినా బాగుండేది. ఉత్తమ ఆటగాడి బహుమతి ఆంద్రేకే ఇచ్చారు, చేతికి మైకు కూడా ఇచ్చారు. అతను కోచ్‌కు, భార్యకు, బహుమతి ఇచ్చిన జ్యూస్ కంపెనీకి కృతజ్ఞతలు చెప్పి, బూటు పైకెత్తి చూపించాడు.

"ఇంకొక మనిషి. ఆట మొదలవడానికి ఎనిమిది నిమిషాల ముందు నా కాలు కాపాడాడు. అమీర్! ఈ దేశంలో ఇంత మంచి అంచు ఇంకెవరూ పట్టరు!"

ఇరవై రెండేళ్ళ గల్ఫ్ జీవితంలో అమీర్ జాన్ పేరు మైకులో వినిపించడం అదే మొదటిసారి. జనం చప్పట్లు కొట్టారు. ఫిన్లాండ్‌వాళ్ళు కొట్టలేదు. గోలు దగ్గర మోకాళ్ళమీద కూర్చున్న హమద్ తల తిప్పి చూశాడు.

కాసేపటికి హమద్ బట్టలు మార్చుకుని సాన గది ముందుకు వచ్చాడు.

"అతనిది నువ్వు చేశావా?"

"చేశాను."

"బాగా చేశావా?"

"బాగానే చేశాను."

హమద్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మఫ్రఖ్ బస్సులో ఉండగా షహర్బాను ఫోన్ చేసింది. మూడేళ్ళుగా వినీ వినీ ఆవిడకు కూడా హుద్‌హుద్‌ల బాగోగులు తెలుసు.

"గెలిచినారా మీవోళ్ళు?"

అమీర్ జాన్ జరిగిందంతా చెప్పాడు. ఆవిడ నిదానంగా విన్నది.

"పని సరిగ్గా చేసినావు కదా. మళ్ళా ఏడుపెందుకు?"

"సరిగ్గా చేసినందుకే ఏడుస్తుండా."

"నీ మొహం. వంకరగా చేసుంటే రాత్రంతా నన్ను నిద్ర పోనిచ్చేవాడివా? ఇప్పుడు ఓడిపోయింది వాళ్ళు, నువ్వు కాదు. తిని పడుకో" అని ఫోన్ పెట్టేసింది. ఆట ఓడిపోయింది నువ్వు కాదని అంత సులువుగా అనగలిగే మనిషికి అభిమానం అంటే ఏమిటో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు హమద్ సాన గది గుమ్మం తొక్కలేదు. బూట్లకు సాన పట్టించుకోవడానికి కారులో గంటన్నర ప్రయాణం చేసి దుబాయ్ వెళ్తున్నాడని ఫైజా చెప్పింది. అంటే హమ్మూర్స్ ఊరికే. కోపం మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుంది. హమద్ ప్రాక్టీసు చేస్తుంటే అమీర్ జాన్ గాజుగోడ వెనక నుంచి అతని పాదాలే చూసేవాడు. లోతు ఎక్కువైంది. పక్కకు జరగబోయి ఆగిపోతున్నాడు. ఎవడో గోల్‌కీపర్ బూట్లకు మామూలు సాన పట్టాడు. చెబుదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నాడు.

జూన్ చివర ఒక మధ్యాహ్నం హమద్ వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. బూట్లు బల్లమీద పెట్టాడు.

"దుబాయ్‌వాడు పాడుచేశాడు" అన్నాడు, ఎటో చూస్తూ.

"చూశాను" అని అమీర్ జాన్ బూటు యంత్రం మీద బిగించాడు.

చక్రం కాసేపు తిరిగింది. హమద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు మా డిఫెన్స్‌వాళ్ళు వదిలేశారు. లేకపోతే వాడు ఆ గోలు కొట్టేవాడు కాదు."

అమీర్ జాన్ యంత్రం ఆపాడు. ఆరు వారాలుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"డిఫెన్స్ కాదు. ఎడమ స్తంభం నువ్వు వదిలేశావు."

"నేనా? నేను స్తంభానికి అంటుకునే ఉన్నాను!"

"రెండడుగులు ముందుకొచ్చావు."

"ఒకటిన్నర!"

అమీర్ జాన్ బల్ల దాటి బయటికొచ్చాడు. రెండు కుర్చీలు తెచ్చి గోలు స్తంభాల్లా పెట్టి, మధ్యలో హమద్‌ను నిలబెట్టాడు. తను చీపురు తీసుకుని, ఎడమవైపు కోసుకుంటూ తిరిగి చూపించాడు. బూట్ల కోసం వరసలో నిలబడ్డ పిల్లల గుంపు, ఈ ముసలాయన ఎవర్ని ఊడుస్తున్నాడా అని నోరు తెరుచుకుని చూసింది.

ఫైజా గట్టిగా కేకేసింది. "ఏంది భాయ్ ఇది? కౌంటర్ ముందర ఇంత లైన్ పెట్టుకొని గీ తమాషా ఏంది?"

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు అమీర్ జాన్, చీపురు దించకుండా. "ఈయన యాడ నిలబడాలో చూపించి వస్తుండా."